ఎన్ని నిద్రలు చేస్తారు? తీరిక ప్రయాణానికి మైసూరు, క్యాండీ, చియాంగ్ మాయ్, క్యోటోల పోలిక

మా సీమలో పెద్దలు కసాపురం ఆంజనేయస్వామి దగ్గరకో, మహానందికో పోయి వచ్చినప్పుడు అక్కడ ఏమేమి చూశారని ఎవరూ అడిగేవారు కారు. ఎన్ని నిద్రలు చేశారని అడిగేవారు. ఒక నిద్ర చేసినవారు మొక్కు తీర్చుకున్నట్టు, మూడు నిద్రలు చేసినవారు మనసు కుదుటపరచుకుని వచ్చినట్టు లెక్క. చూడడానికి కాక ఊరకుండడానికి, ఒంటినీ మనసునూ నెమ్మదింపజేసుకోవడానికి ఒక ఆసియా నగరానికి వెళ్లాలనుకుంటున్న అనంతపురం, కర్నూలు, కడప వాసులు ఏ ఊరు అన్న ప్రశ్నకు ముందు ఈ పాత ప్రశ్నకు జవాబు రాసుకోవాలని నా అభిప్రాయం. నేను మొదటిసారి విదేశానికి వెళ్లినప్పుడు ఏడు రోజుల్లో నాలుగు ఊళ్లు తిప్పే ప్యాకేజీ కట్టి, ప్రతి ఉదయం ఆరు గంటలకే పెట్టెలు సర్దుకుని బస్సెక్కి, చివరకు ఆ అలసట తీరడానికి ఇంట్లో రెండు రోజులు పడుకోవలసి వచ్చింది. ఆ ఊళ్ల తప్పేమీ లేదు, లెక్క తప్పింది నేనే.

పోలికకు నాలుగు నగరాలను తీసుకున్నాను. మైసూరుకు పాస్‌పోర్టు అక్కరలేదు, క్యాండీ పొరుగు దేశంలో ఉంది, చియాంగ్ మాయ్ కొంచెం దూరం, క్యోటో చాలా దూరం. దూరం పెరిగిన కొద్దీ విశ్రాంతి పెరుగుతుందన్న భ్రమ ఒకటి మనలో ఉన్నది కనుక, దానిని పరీక్షించడానికే ఈ వరుస.

## ముందుగా చూసుకోవలసినవి

అన్నిటికంటే మొదటిది నిలకడ నిద్రల లెక్క. మీకు దొరికిన సెలవులలోనుంచి వెళ్లే రోజునూ, వచ్చే రోజునూ, చేరిన తరువాత ఒళ్లు అలవాటుపడే మొదటి రోజునూ తీసివేయగా మిగిలినవే ఒకే పడక మీద మీరు నిశ్చింతగా పడుకునే రాత్రులు. అవి నాలుగుకు తగ్గితే ఆ నగరం మీకు ప్రస్తుతానికి కాదనుకోవడం మంచిది. ఈ లెక్క వేసేటప్పుడు విమానంలో గడిపే గంటలను మాత్రమే చూడకూడదు, మీ గడప నుంచి అక్కడి పడక దాకా పట్టే కాలమంతా కలుపుకోవాలి. ఈ విషయంలో మన మూడు జిల్లాల వారి పరిస్థితి ఒకటి కాదు. అనంతపురం వారికి దేవనహళ్లి విమానాశ్రయం బెంగళూరు నగరంలోకి పోకముందే, 44వ నంబరు జాతీయ రహదారి మీదనే వస్తుంది. సుమారు మూడు గంటల ప్రయాణం. కర్నూలు వారికి అదే రహదారి మీద ఉత్తరానికి పోతే శంషాబాదు కూడా హైదరాబాదు ట్రాఫిక్కులో చిక్కకుండానే దొరుకుతుంది. కడప వారు మాత్రం చెన్నైకి పోయినా బెంగళూరుకు పోయినా దాదాపు ఐదు గంటలు దారిలో గడపవలసిందే కనుక, తెల్లవారుజాము విమానం పట్టుకోవాలంటే ముందు రోజు రాత్రి నిద్ర పోగొట్టుకోవలసి ఉంటుంది. వారు సెలవుల లెక్కలో ఇంకొక రోజు తగ్గించి వేసుకోవాలి.

రెండవది తిండి. మూడు రోజులు సరైన అన్నం దొరకకపోతే ధ్యానం మీద మనసు నిలిచేవారిని నేను చూడలేదు. మాంసాహారులకు ఈ నాలుగు ఊళ్లలోనూ ఇబ్బంది లేదు. శాకాహారులకు మాత్రం మైసూరు తప్ప మిగతా మూడు ఊళ్లలో చేప అనేది వంటకంలో కనబడకుండానే ఉంటుందన్న సంగతి ముందే తెలియాలి.

మూడవది నెల. మన సెలవులు వేసవిలోనూ, దసరాకూ, సంక్రాంతికీ వస్తాయి. ఆ ఊళ్ల మంచి రోజులు వీటితో కలవకపోతే ఎంత గొప్ప నగరమైనా వ్యర్థమే. నాలుగవది నేర్పేవారు. ఊరకుండడం అలవాటు లేని మనిషిని అందమైన గదిలో కూర్చోబెడితే మొదటి గంట కిటికీ చూస్తాడు, రెండవ గంట ఫోను చూస్తాడు. రోజుకు ఒక పూట అయినా ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పే చోటు ఉండడం అవసరం. ఖర్చును ఐదవదిగా పెట్టాను, ఎందుకంటే మొదటి నాలుగూ తేలిన తరువాత అది చాలావరకు తనంతట తానే తేలిపోతుంది.

| అంశం | మైసూరు | క్యాండీ | చియాంగ్ మాయ్ | క్యోటో |
|---|---|---|---|---|
| అనంతపురం గడప నుంచి పడక దాకా | రైలులో ఒక రాత్రి, లేదా కారులో ఒక పూట | ఒక పగలంతా | ఒక పగలూ కొంత రాత్రీ | దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ |
| గడియారం తేడా | లేదు | లేదు | గంటన్నర | మూడున్నర గంటలు |
| కనీసం కావలసిన సెలవు | 5 రోజులు | 7 రోజులు | 8 రోజులు | 10 రోజులు |
| అనువైన కాలం | అక్టోబరు నుంచి ఫిబ్రవరి, దసరా రద్దీ తప్ప | జనవరి నుంచి ఏప్రిల్ | నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వరకు | మే రెండవ సగం, డిసెంబరు, చలికి ఓర్చుకుంటే జనవరి, ఫిబ్రవరి |
| శాకాహారం | సులభం | అడిగి తినాలి | గుర్తు తెలిస్తే సులభం | కష్టం, లేదా ఖరీదు |
| అక్కడ నేర్చుకోదగినది | యోగాభ్యాసం | మౌన ధ్యానం | మర్దన, విపస్సన | జెన్ ధ్యానం, స్నానం |
| ఖర్చు | తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం | ఎక్కువ |

## మైసూరు

దగ్గరగా ఉన్నందువల్ల మనం చిన్నచూపు చూసే ఊరు ఇది. కాచిగూడ నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా మైసూరుకు రాత్రి రైలు ఉన్నది. రాత్రుళ్లు ప్రయాణం చేస్తే పగళ్లు పోవు, ఒళ్లు అలవాటుపడే రోజూ అక్కరలేదు కనుక, ఐదు రోజుల సెలవులోనే నాలుగు నిద్రలు మిగులుతాయి. 1930లలో నాల్గవ కృష్ణరాజ ఒడయారు ఆదరణలో జగన్మోహన ప్యాలెస్‌లో తిరుమలై కృష్ణమాచార్య యోగం నేర్పారు. ఆయన శిష్యుడు పట్టాభి జోయిస్ 1948లో ప్రారంభించిన అష్టాంగ యోగ సంస్థ వల్ల ఈ ఊరి పేరే ఒక అభ్యాస పద్ధతికి పేరయింది. ‘మైసూరు తరహా’ అంటే గురువు అందరిచేతా ఒకేసారి చేయించడం కాక, ఎవరి క్రమం వారు ఎవరి ఊపిరి వేగంతో వారు చేసుకుంటుంటే గురువు తిరుగుతూ దిద్దడం. నెమ్మదితనానికి ఇంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

అయితే పేరుమోసిన యోగశాలలు సాధారణంగా నెల రోజులకు తక్కువ వచ్చేవారిని చేర్చుకోవు, పైగా నెలల ముందే పేరు నమోదు చేసుకోమంటాయి. వారం రోజులకు చేర్చుకునే చిన్న శాలలను గోకులం ప్రాంతంలో వెతుక్కోవాలి. ఉదయం అభ్యాసం, పగలు విశ్రాంతి, సాయంత్రం కుక్కరహళ్లి చెరువు గట్టు మీద నడక అన్న దినచర్యకు ఈ ఊరు చక్కగా సరిపోతుంది. ఓపిక ఉన్నవారు ఒక ఉదయం చాముండి కొండను వేయి మెట్ల దారిన ఎక్కవచ్చు. ఇక తిండి సంగతి చెప్పనక్కరలేదు, మన సంగటే అక్కడ ముద్ద.

మైసూరుకున్న లోపం ఒక్కటే. మన ఫోను, మన భాష, మన బంధువులు అన్నీ అక్కడికి మనతోనే వచ్చేస్తాయి. బెంగళూరులో ఉన్న తమ్ముడికో, చెల్లెలికో తెలిస్తే మూడవ రోజు భోజనానికి పిలుపు వస్తుంది.

## క్యాండీ

వారం రోజుల సెలవు దొరికి, మొదటిసారి దేశం దాటుతున్నవారికి నేను నిస్సంకోచంగా చెప్పే ఊరు క్యాండీ. చెన్నై నుంచి గాని బెంగళూరు నుంచి గాని కొలంబోకు విమానం గంటా గంటన్నర. అక్కడి నుంచి క్యాండీకి సుమారు 115 కిలోమీటర్లు, కొండ దారి కనుక కారులో మూడు నాలుగు గంటలు పడుతుంది. 1867లో పూర్తయిన కొలంబో, క్యాండీ రైలు మార్గం చూడముచ్చటైనదే గాని, వానలకు కొండ మార్గాలు దెబ్బతింటుంటాయి కనుక బయలుదేరే ముందు రైలు నడుస్తున్నదీ లేనిదీ విచారించుకోవాలి.

ఈ ఊరితో తెలుగువారికి ఒక పాత బంధుత్వం ఉన్నది. 1739 నుంచి 1815లో బ్రిటిషువారు రాజ్యాన్ని తీసుకునే వరకు క్యాండీని పాలించినవారు మదురై ప్రాంతం నుంచి వచ్చిన, తెలుగు మూలాలున్న నాయకర్ వంశస్థులు. ఊరి మధ్యనున్న చెరువును 1807లో తవ్వించిన శ్రీ విక్రమ రాజసింహ ఆ వంశంలో చివరి రాజు. ఆయనను వేలూరు కోటకు పంపించివేయగా 1832లో అక్కడే మరణించాడు. చెరువు చుట్టూ సాయంత్రం నడుస్తున్నప్పుడు ఈ సంగతి గుర్తుంటే ఆ నడక వేరుగా ఉంటుంది.

ఇక నెమ్మదితనం మాట. క్యాండీ నడిబొడ్డు ప్రశాంతమైనది కాదు. బస్సుల హారన్లు, ఇరుకు రోడ్లు మన పట్టణాలను మరపించవు. అందువల్ల విడిదిని బజారులో కాక చెరువు పైనున్న వాలు మీదనో, ఊరి వెలుపలి కొండల మీదనో తీసుకోవాలి. బుద్ధుని దంతధాతువు ఉన్న దళద మాలిగావ గుడిలో రోజుకు మూడుసార్లు పూజ జరుగుతుంది. ఉదయపు పూజకు వెళ్లి, వెనుకనే ఉన్న ఉడవత్త కెలె అడవిలో గంట నడిచి, మధ్యాహ్నం గదికి చేరుకుంటే పగటి పని అయిపోయినట్టే. మరొక రోజును పూర్తిగా పెరదెనియ వృక్షోద్యానానికి ఇవ్వవచ్చు. నిజంగా మౌనం కావలసినవారికి కొండల మీద తేయాకు తోటల నడుమ నిలంబె ధ్యాన కేంద్రం ఉంది. పెరదెనియ సమీపంలో ధమ్మకూట అనే విపస్సన (ఊపిరినీ ఒంటి అనుభూతులనూ మౌనంగా గమనించే బౌద్ధ ధ్యానం) కేంద్రం కూడా ఉన్నది. ధమ్మకూటలో పది రోజుల శిక్షణ మనవైపు విపస్సన కేంద్రాలలో మాదిరిగానే ఉంటుంది, రుసుము ఉండదు, పూర్తి చేసినవారు తోచినది ఇస్తారు. అయితే పది రోజుల మౌనాన్ని జీవితంలో మొదటిసారి పరాయి దేశంలో ప్రయత్నించవద్దని నా మనవి. అది ముందు హైదరాబాదులోని ధమ్మఖేత్తలో చేసి చూసుకోవచ్చు.

భోజనం అన్నం, పప్పు, కొబ్బరి పాలతో వండిన కూరలు కనుక రెండవ రోజుకే అలవాటవుతుంది. కాని కొబ్బరి పచ్చడి వంటి పొల్ సంబోల్‌లో ఉంబలకడ అనే ఎండు చేప పొడి తరచుగా కలుపుతారు. శాకాహారులు ఆ మాట నేర్చుకుని వద్దని చెప్పడమో, తమిళులు నడిపే ‘సైవ’ (అంటే శాకాహార) భోజనశాలలు వెతుక్కోవడమో చేయాలి. పున్నమినాడు ‘పోయ’ అనే బౌద్ధ సెలవు. ఆ రోజు మద్యం అమ్మరు, జనం తెల్లని బట్టలతో గుళ్లకు వెళతారు. ఆ ఒక్క రోజు మీ నిద్రలలో కలిసేలా చూసుకుంటే చాలా బాగుంటుంది. జూలై, ఆగస్టులలో వచ్చే ఎసల పెరహర ఉత్సవాన్ని మాత్రం తీరిక కోరేవారు తప్పించాలి. అది గొప్ప తిరునాళ్లే, కాని తిరునాళ్లే. బుద్ధుని విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవడం అక్కడ అపచారమని వెంట వచ్చే పిల్లలకు ముందే చెప్పాలి.

## చియాంగ్ మాయ్

ఒళ్లు నొప్పులతో వెళ్లేవారికీ, వంటింటి నుంచి వారం రోజులు నిజంగా విడుదల కావలసిన ఇల్లాళ్లకూ ఈ నాలుగింటిలో ఇదే మేలైనది. 1296లో మంగ్రాయ్ రాజు కట్టించిన పాత నగరం ఇప్పటికీ చతురస్రాకారపు కందకం లోపల ఉన్నది. ఒక్కొక్క వైపు సుమారు కిలోమీటరున్నర. అందులో గది తీసుకుంటే గుడి, భోజనం, మర్దనశాల అన్నీ కాలినడకకు అందుతాయి. సాయంత్రం ఏమి చేయాలన్న ఆలోచన కూడా అక్కరలేదు, ఏ సందులోకి తిరిగినా ఒక విహారపు ప్రాంగణం ఎదురవుతుంది.

థాయ్ మర్దనను యునెస్కో 2019లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. నూనె లేకుండా, వదులు బట్టల మీదనే, చాప మీద పడుకోబెట్టి చేతులతో, మోచేతులతో, పాదాలతో కీళ్లను సాగదీసే పద్ధతి కనుక, మన ఆడవారికి బట్టలు విప్పాలేమోనన్న సంకోచం అక్కరలేదు. మామూలు మర్దనశాలలో గంటకు 250 నుంచి 400 బాత్‌ల వరకు తీసుకుంటారు. రక్తపోటు, వెన్నుపూస సమస్య, ఎముకల బలహీనత ఉన్నవారు మాత్రం తమ డాక్టరును అడిగి రావాలి, గట్టిగా నొక్కవద్దని మొదలే చెప్పాలి.

ధ్యానానికి రెండు మెట్లున్నాయి. వాట్ సువాన్ దోక్ విహారంలో కొత్తవారితో భిక్షువులు కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడే ఏర్పాటు, కొద్ది రోజుల ధ్యాన శిక్షణ ఉన్నాయి. వాట్ రామ్ పోంగ్‌లో శిక్షణ రోజుల తరబడి సాగుతుంది; తెల్లబట్టలు కట్టుకుని, మధ్యాహ్నం తరువాత భోజనం మానివేసి ఉండాలి. రెండింటికీ సిద్ధంగా లేనివారు కొండ పాదాన చెట్ల నడుమ సొరంగాలున్న వాట్ ఉమోంగ్‌కు వెళ్లి ఊరికే కూర్చోవచ్చు. నేనైతే దోయ్ సుతేప్ కొండ మీది మూడు వందలకు పైగా మెట్లున్న గుడి కంటే ఇక్కడ గడిపే పూటకే ఎక్కువ మార్కులు వేస్తాను.

శాకాహారులు పసుపు రంగు జెండా మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉండే ‘జే’ అన్న గుర్తును చూసుకోవాలి. అక్కడ మాంసం, చేప, గుడ్డు లేకపోవడమే కాక ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. ఆ గుర్తు లేనిచోట కూరగాయల వంటకంలో సైతం చేపల నుంచి తీసిన నామ్ ప్లా రసం పోస్తారు.

ఇక అసలు చిక్కు నెలది. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ వరకు పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ లోయను కమ్ముకుని గాలి ఊపిరాడనంతగా చెడిపోతుంది. మన పిల్లల వేసవి సెలవులు మొదలయ్యే కాలమూ దాదాపు అదే. ఉబ్బసం ఉన్నవారు ఆ నెలల్లో చవక టికెట్టు దొరికినా వెళ్లకూడదు. సంక్రాంతి సెలవులకు మరో మూడు రోజులు కలుపుకోగలిగినవారికి మాత్రం జనవరి చియాంగ్ మాయ్ సరిగ్గా అమరుతుంది. ఉదయం శాలువా, పగలు నీరెండ.

దారి గురించి ఒక మాట. బెంగళూరు నుంచి గాని హైదరాబాదు నుంచి గాని బ్యాంకాక్ దాకా నాలుగు గంటలలోపే, అక్కడి నుంచి మరొక గంటా పావు విమానం. బ్యాంకాక్ నుంచి రాత్రి రైలు కూడా ఉన్నది, పడుకునే బెర్తులు శుభ్రంగా ఉంటాయి. కాని నిలకడ నిద్రల లెక్కలో అది ఒక రాత్రిని తినేస్తుంది.

## క్యోటో

794 నుంచి వెయ్యేళ్లకు పైగా జపాను రాజధానిగా ఉన్న ఈ నగరం నలుగురు కలలు కనేది, పదిమంది తొందరపడి పాడుచేసుకునేది. వీసాకు దరఖాస్తు చేసేటప్పుడే ఏ రోజు ఎక్కడ ఉంటారో తేదీలవారీగా రాసి ఇవ్వాలి. ఊరకుండడానికి వెళ్లేవారిని రోజువారీ కార్యక్రమం అడగడం విచిత్రంగా అనిపిస్తుంది కాని, అన్ని గళ్లలోనూ ‘క్యోటో, అదే విడిది’ అని రాయగలిగితే మీ ప్రణాళిక సరిగ్గా ఉన్నట్టు. క్యోటోకు సొంత విమానాశ్రయం లేదు. ఒసాకా దగ్గరి కన్సాయ్‌లో దిగి గంటా పావు రైలులో పోవాలి.

రియోఅన్‌జి రాళ్ల తోటలో 15 రాళ్లుంటే ఎక్కడ కూర్చుని చూసినా అన్నీ ఒకేసారి కనబడవు. ఆ ఒక్క తోట ముందు గంట కూర్చోగలిగినవారికి క్యోటో తగినది; పది నిమిషాల్లో ఫోటో తీసుకుని లేచేవారు అంత డబ్బు పోయనక్కరలేదు. జపాను బౌద్ధులు కదలకుండా కూర్చుని చేసే జెన్ ధ్యానాన్ని ఇంగ్లీషులో నేర్పే షున్‌కో-ఇన్ వంటి మఠాలున్నాయి. తాత్త్వికుని బాట అని పిలిచే రెండు కిలోమీటర్ల కాలువ గట్టు తెల్లవారుజామున నడవడానికి హాయిగా ఉంటుంది. మఠాలలో వండే షోజిన్ ర్యోరి పూర్తి శాకాహారమే గాని ఖరీదైనది. బయటి భోజనశాలలలో పులుసు నీటికే ఎండు చేప వేస్తారు.

వీధి స్నానశాలల్లో వేడి నీటి తొట్టిలోకి దిగే ముందు నూలుపోగు లేకుండా కడుక్కోవాలి, ఆడవారికీ మగవారికీ గదులు వేరు. ఇది మనవారిలో చాలామందికి కొత్త, కొందరికి అసాధ్యం. వేడినీటి ఊటలున్న కొన్ని విడిదులలో పచ్చబొట్లున్నవారిని రానివ్వరు. ముంజేతి నిండా పచ్చబొట్లు వేయించుకున్న మా నాయనమ్మ వెంట ఉంటే ఏమి చెప్పేవాళ్లమో తెలియదు. చెర్రీ పూలు పూసే మార్చి చివర, ఏప్రిల్ మొదట, ఆకులు ఎర్రబడే నవంబరు చివర గదుల ధరలు ఎన్నో రెట్లవుతాయి, బస్సుల్లో నిలబడడానికి చోటుండదు. మన జలుబు మాత్రల్లో కొన్నింటిలో ఉండే సూడోఎఫెడ్రిన్ వంటి మందులపై జపానులో ఆంక్షలున్నాయి కనుక మందుల పెట్టె సర్దేముందు చీటీలు చూసుకోవాలి.

బాలిలోని ఉబుద్‌ను ఎందుకు వదిలేశానని కొందరు అడగవచ్చు. హైందవ పూజలు, వరిమళ్లు, యోగశాలలు అన్నీ అక్కడ ఉన్న మాట నిజమే. కాని కాలిబాటలు సరిగా లేని ఇరుకు వీధుల్లో వాహనాల వరుస చూశాక దానిని నడిచే ఊరుగా నేను లెక్కించలేకపోయాను. లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్ నిజంగా నెమ్మదైన ఊరు, కాని మనవైపు నుంచి విమానం మారి చేరేసరికి రాకపోకలకే రెండు మూడు రోజులు పోతాయి.

## ఎవరికి ఏది

బ్యాంకు, బడి, సచివాలయం వంటి ఉద్యోగాల్లో ఉండి ఐదు రోజులకు మించి సెలవు దొరకనివారు మైసూరుకే వెళ్లాలి. ఆ సెలవుతో చియాంగ్ మాయ్ వెళ్లడమంటే విమానాశ్రయాలను చూసి రావడమే. అరవై దాటిన తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళ్లేవారికి క్యాండీ మేలు, కాని మెట్లు తక్కువగా ఉన్న విడిదిని అడిగి తీసుకోవాలి. భార్యాభర్తలిద్దరే వెళ్లేటట్టయితే, ఒకరికి ధ్యానం, ఇంకొకరికి బజారు కావలసివచ్చినప్పుడు చియాంగ్ మాయ్‌లో ఇద్దరికీ గొడవ లేకుండా గడుస్తుంది. ఒంటరిగా వెళ్లే మహిళలకూ నేను దానినే ముందు చెబుతాను, గదికి వెళ్లే దారి రాత్రి ఎనిమిదింటికి కూడా జనంతో ఉంటుంది కనుక. క్యోటోను ఇప్పటికే ఒకసారి విదేశంలో ఒకే చోట వారం ఉండి చూసినవారికి, పది రోజుల సెలవూ తగిన డబ్బూ ఉన్నవారికి వదిలిపెడదాం.

క్యాండీ, చియాంగ్ మాయ్‌ల మధ్య ఊగిసలాడేవారు చాలామంది ఉంటారు. మనసు అలసిందా, ఒళ్లు అలసిందా అన్నది చూసుకుంటే సగం తేలుతుంది; మిగతా సగం క్యాలెండరు తేలుస్తుంది. మార్చిలోనో ఏప్రిల్‌లోనో వెళ్లేటట్టయితే క్యాండీ, నవంబరులో అయితే చియాంగ్ మాయ్, ఎందుకంటే అక్టోబరు, నవంబరుల్లో క్యాండీ కొండల్లో వానలు ఎక్కువ.

వీసా నియమాలు తరచు మారుతుంటాయి కనుక టికెట్టు కొనే వారం ఆయా దేశాల అధికారిక వెబ్‌సైట్లలోనే చూసుకోవాలి. శ్రీలంకకు ముందుగా ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. థాయ్‌లాండ్‌కు 2025 మే నుంచి ప్రయాణానికి ముందు మూడు రోజులలోపు డిజిటల్ రాక పత్రం నింపాలి. విడిదిని మొత్తం రోజులకు ఒకే చోట తీసుకోండి, కాని మొదటి రెండు రాత్రులకే డబ్బు కట్టి, నచ్చితే పొడిగించుకునే వీలు అడగండి. తిరుగు విమానం ఆదివారం రాత్రి దిగేలా కాక శనివారం ఉదయం దిగేలా చూసుకుంటే, దేవనహళ్లి నుంచి ఇంటికి చేరి, బట్టలు నానబెట్టి, ఆదివారం మధ్యాహ్నం మన ఇంట్లోనే ఇంకొక నిద్ర చేసి సోమవారం పనిలోకి పోవచ్చు.